నుదుటి రాత

చదువులో వెనుకబడిన పిల్లవాణ్ణి చూసి ‘వీడి నుదుటి రాత ఇంతే’ అని పెద్దలు నిట్టూర్చడం మనకు కొత్త కాదు. ‘మొద్దు’, ‘మట్టిబుర్ర’ అన్న బిరుదులు తరగతి గదిలో సులభంగానే లభిస్తాయి. కొంతకాలానికి ఆ విద్యార్థి కూడా ఆ మాటనే నమ్మి ప్రయత్నం మానుకొంటాడు. మెదడును గురించి శాస్త్రజ్ఞులు తెలుసుకొన్న విషయాలను గమనిస్తే, ఈ తీర్పు ఎంత తొందరపాటుతో కూడినదో బోధపడుతుంది.

మానవుని మెదడు బరువు సుమారు 1.4 కిలోగ్రాములు. శరీరపు బరువులో అది రెండు శాతమే అయినా, విశ్రాంతి సమయంలో శరీరం వినియోగించే శక్తిలో దాదాపు ఐదో వంతును అదే తీసుకొంటుంది. అందులోని సుమారు 8,600 కోట్ల నాడీకణాలు పరస్పరం సంకేతాలు పంపుకొంటూ ఉంటాయి. మన ఆలోచన, జ్ఞాపకం, కోపం, భయం, మాట, నడక అన్నీ ఆ సంకేతాల మీదనే ఆధారపడి ఉన్నాయి.

‘తెలివి’ అని మనం ఒకే మాటతో చెప్పేది నిజానికి ఒకే శక్తి కాదు. అమెరికా దేశస్థుడైన హెన్రీ మొలైసన్‌కు 1953లో మూర్ఛవ్యాధి నివారణకై శస్త్రచికిత్స చేసి, మెదడులో హిప్పోకాంపస్ అనే భాగాన్ని రెండు వైపులా చాలావరకు తొలగించారు. ఆ తరువాత అతడు కొత్త సంగతులను గుర్తుంచుకోలేకపోయాడు. బ్రెండా మిల్నర్ అనే శాస్త్రవేత్త అతనిచేత, అద్దంలో మాత్రమే చూస్తూ, నక్షత్రపు బొమ్మ అంచుల మధ్య గీత గీయించారు. మూడు రోజులలో అతని చేయి చక్కగా కుదిరింది. విచిత్రమేమంటే, ఆ పని అంతకు ముందు చేసినట్లే అతనికి గుర్తు లేదు! సంగతులను గుర్తుంచుకొనే శక్తి వేరు, చేతి నైపుణ్యం వేరు అని దీనివల్ల తేలింది. అటువంటప్పుడు ఒక్క ప్రశ్నపత్రంతో మనిషి బుద్ధినంతా తూచడం న్యాయమా?

అంతేకాదు, మెదడు మన నడవడిని తీర్చినట్లే అభ్యాసం మెదడును తీరుస్తుంది. లండన్ నగరంలో ప్రసిద్ధమైన నల్ల టాక్సీలను నడిపే అనుమతి పొందాలంటే సుమారు 25,000 వీథులను జ్ఞాపకం ఉంచుకోవాలి. ఇందుకై శిక్షణ పొందుతున్న 79 మందిని కొన్ని సంవత్సరాలు పరిశీలించి, శాస్త్రజ్ఞులు 2011లో ఫలితాలను ప్రకటించారు. ఉత్తీర్ణులైన 39 మందిలో హిప్పోకాంపస్ వెనుక భాగం వృద్ధి చెందింది. ఉత్తీర్ణులు కాక, మళ్ళీ పరీక్షకు వచ్చినవారిలో ఆ మార్పు కనిపించలేదు. శిక్షణకు ముందు మాత్రం ఆ భాగంలో ఇరువర్గాల నడుమ భేదం కనిపించలేదు.

అందరూ నెగ్గలేదు కదా అని కొందరు అనవచ్చు. నిజమే, అభ్యాసం అందరికీ ఒకే ఫలితాన్నివ్వదు. కాని ప్రారంభంలో ఆ మెదళ్ళలోనే భేదం లేనప్పుడు, ఒక మార్కుల పట్టికను చూసి భవిష్యత్తును నిర్ణయించే అధికారం మనకెక్కడిది?

నుదుటి మీద రాత ఎవరూ చూడలేదు. నుదుటి వెనుక ఉన్న మెదడు భాగం మాత్రం ముందుచూపునకు, నిగ్రహానికి ఆధారమని శాస్త్రం చెబుతున్నది. ఇరవై ఏళ్ళు దాటితే గాని అది పూర్తిగా పరిణతి చెందదు. అంటే ఇంటర్మీడియట్ విద్యార్థి నుదుటి రాత ఇంకా ముగియలేదు. శ్రద్ధగల అభ్యాసం, చదివినది స్థిరపడడానికి తోడ్పడే నిద్ర, తనమీద తనకు నమ్మకం ఉంటే, ఆ రాతలో కొంతభాగాన్ని అతడే స్వయంగా రాసుకోగలడు. అతని చేతిలోని కలాన్ని ఒక్క నిందావాక్యంతో లాగివేయకుండా ఉండడం పెద్దల కనీస ధర్మం.