హైపో ఫిల్టర్ కొనేముందు



తిరుప్పూరు, కోయంబత్తూరు వైపు నేత, అద్దకం పనుల్లో ఉన్న మనవాళ్ళకు హైపో కొత్తేమీ కాదు. ఇప్పుడు కొందరు కుర్రాళ్ళు తామే తయారుచేసి అమ్ముతామంటున్నారు. సంతోషం. ఫిల్టర్ దగ్గరికొచ్చేసరికి మాత్రం గంటకు ఎన్ని లీటర్లు, ధర ఎంత అనే అడుగుతున్నారు. ఆ రెండూ ఆఖర్న అడగండి అంటాం మేము.

ఫిల్టర్ పని మడ్డి తీయడమే కాదు. కంటికి కనపడని నికెల్, రాగి లీటరుకు మిల్లీగ్రాము కన్నా తక్కువున్నా హైపో విరిగి ఆక్సిజన్ వదులుతుంది. సరుకు బలం తగ్గుతుంది, బిగించిన డ్రమ్ము ఉబ్బుతుంది. మన ఎండల్లో ఇంకా వేగంగా. ఆ దెబ్బ తగిలేది డ్రమ్ము మూత తీసే కూలివాడికి.

కాబట్టి స్టెయిన్‌లెస్ స్టీల్ ఫిల్టర్ వద్దు. మెరుపు బాగానే ఉంటుంది గానీ అందులోనే నికెల్ ఉంది. పీవీసీ గానీ టెఫ్లాన్ లైనింగ్ గానీ చూడండి. నూలు గుడ్డ, కాగితం కార్ట్రిడ్జ్‌లను హైపో తినేస్తుంది; తట్టుకునే మెంబ్రేన్ మీద పెర్లైట్ పొర వేసే రకం మేలు. యాసిడ్‌తో కడగాలన్నారంటే జాగ్రత్త: లోపల హైపో మిగిలి ఉంటే క్లోరిన్ వాయువు లేస్తుంది. కడిగే పద్ధతి రాసిమ్మనండి.

వాడేసిన మడ్డి ఎక్కడ వేస్తారో కూడా ముందే తేల్చుకోండి. నొయ్యల్ కాలుష్యం మీద 2011లో హైకోర్టు అద్దకం యూనిట్లు మూయించిన రోజులు మనం చూశాం.

ఆర్డరిచ్చేముందు మీ సొంత హైపోనే వడకట్టించి, ముందూ తర్వాతా లోహాల పరీక్ష చేయించండి. ఇద్దరు ముగ్గురు కలిస్తే ఖర్చు పంచుకోవచ్చు, వచ్చే సమావేశంలో పేర్లివ్వండి.