ఇల్లూ వాకిలీ: తుపాకికి తలంటు

"మా మామగారి పాత తుపాకి లైసెన్సుతో ఇంట్లో ఉన్నది. ఎన్నిసార్లు కిరసనాయిలుతో తుడిపించినా నెల తిరిగేసరికి తుప్పు పడుతున్నది. బజారు మందు కొనకుండా ఇంట్లోనే ఏమన్నా చేసుకోవచ్చునా?" అని మోపిదేవి సోదరి ఒకరు అడిగారు.

చేసుకోవచ్చునమ్మా. ఆ మందు మీ వంటింట్లోనే ఉన్నది. దాని పేరు వేడినీళ్లు!

నవ్వకండి. నల్ల తుపాకిమందు కాలగా గొట్టంలో మిగిలే మడ్డి గాలిలోని తడిని లాగుతుంది. పాతకాలపు తూటాల క్యాపుల్లో పొటాషియం క్లోరేటు ఉండేది. పేలినప్పుడు అది పొటాషియం క్లోరైడుగా మారుతుంది. మనం కూరలో వేసుకునే ఉప్పుకు అది తోబుట్టువు. ఇటువంటి ఉప్పు కిరసనాయిలులో కరగదు, నీళ్లలోనే కరుగుతుంది. అందుకనే వెనుకటి సిపాయిలు .303 రైఫిలు గొట్టంలో గరాటు పెట్టి మరిగే నీళ్లు పోసేవారు. మీది దివిసీమ కాబట్టి సముద్రపు గాలి ఉప్పు కూడా దీనికి తోడు. ఉప్పు కడగకుండా పైన నూనె రాయటం దొంగను లోపల ఉంచి తలుపు గడియ వేసినట్లే.

మన తలంటుకు ముందు నూనె, తరువాత వేడినీళ్లు. తుపాకికి ముందు వేడినీళ్లు, తరువాత నూనె.

మొదట లైసెన్సుదారే స్వయంగా తుపాకి ఖాళీగా ఉన్నదని రెండుసార్లు చూడాలి. తూటాలు వేరే గదిలో ఉండాలి. మూతినుంచి మందు కూరే పాతరకమై, లోపల ఏమున్నదో తెలియకపోతే ముట్టుకోక లైసెన్సున్న మరమ్మతుదారుకు చూపించండి.

గొట్టం కొయ్యనుంచి విడదీసి మరిగే నీళ్లు పోయండి. ఆ వేడికి చాలావరకు తడి అదే ఆరుతుంది. మిగిలినది పొడిగుడ్డతో పూర్తిగా తుడవండి. తరువాత కిరసనాయిలు రెండు పాళ్లు, కుట్టుమిషను నూనె ఒక పాలు కలిపి, గుడ్డ తడిపి, లోపల తోమితే మసి, జిడ్డు వదులుతాయి. చివరకు మిషను నూనె పలుచగా పట్టించండి. కిరసనాయిలు ఒక్కటే అయితే ఆరిపోతుంది, కాపలా ఉండదు. కొబ్బరినూనె, నువ్వులనూనె వద్దు, బంకకడతాయి. ఇప్పటి తూటాలు చాలావాటిలో ఆ క్లోరేటు లేదు. వాటికి నీళ్లు అక్కరలేదు, మిగతా పని చాలు.

తోలుసంచి చెమ్మను పట్టి ఉంచుతుంది, అందులో దాచకండి. ఎన్నికలప్పుడు పోలీసుస్టేషనులో అప్పగించేముందు నూనె పట్టించండి, తిరిగి తెచ్చుకోగానే మళ్లీ చూడండి.

ఇక తుప్పుకన్న ముఖ్యమైన సంగతి. పెట్రోలు జోలికి పోవద్దు. దాని ఆవిరి నేలబారుగా పాకి పక్కగది పొయ్యినైనా అందుకుంటుంది. కలిపిన మందును సోడాబుడ్డిలో, షరబత్తు సీసాలో పోసి ఉంచవద్దు. పొరపాటున పసివాడు తాగితే వాంతి చేయించకండి. అది ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణాపాయం. వెంటనే ఆసుపత్రికి తీసుకుపోండి. తుడిచిన మసిలో సీసం ఉంటుంది కనుక సబ్బుతో చేతులు కడుక్కోండి. వాడిన గరాటు మళ్లీ వంటింటి గడప తొక్కకూడదు.

తుప్పు పట్టిన తుపాకిని బాగుచేయించుకోవచ్చు. పిల్లవాడికి జరిగే హాని అటువంటిది కాదు. అందుకని ముందు సీసా దాచండి, తరువాత తుపాకి తుడవండి.