రోగి సంసిద్ధత సరే, ఆసుపత్రి సంసిద్ధత ఎవరు కొలుస్తారు?

ప్రజారోగ్యం, నర్సింగ్, హాస్పిటల్ మేనేజ్‌మెంట్ విభాగాల్లో ఈ మధ్య ఒక పరిశోధనాంశం తరచూ కనిపిస్తోంది. డిజిటల్ ఆరోగ్య సేవలు వాడటానికి రోగులు ఎంతవరకు సిద్ధంగా ఉన్నారన్నది ఆ ప్రశ్న. ఒక ప్రశ్నావళి ఇస్తారు, ఐదు రకాల జవాబుల్లో ఒకదానికి టిక్కు పెట్టమంటారు. మార్కులు కూడి వయసు, చదువు, ఆదాయం, కులం వారీగా సగటు తీస్తారు. చివరి అధ్యాయంలో ఎస్సీ, ఎస్టీ రోగుల్లో సంసిద్ధత తక్కువగా ఉంది కాబట్టి వారికి అవగాహన కల్పించాలని ఒక సిఫార్సు ఉంటుంది. నా పీహెచ్‌డీ కూడా ఈ అంశం మీదే. ఆ సిఫార్సు వాక్యంతోనే నా తగాదా.

సంసిద్ధత అనేది రోగికీ సేవకూ మధ్య ఉండే సంబంధం. దాన్ని హిమోగ్లోబిన్ లాగా రోగి ఒంట్లో ఉండే గుణంగా కొలిస్తే, వ్యవస్థ చేసిన వెలివేతను వెలివేతకు గురైనవారి లోపంగా రాసిపెట్టినట్టే అవుతుంది. రేపు అదే స్కోరు పాలసీ నోట్‌లోకి వెళ్తుంది. ‘వీళ్లు ఇంకా సిద్ధంగా లేరు’ అన్న మాట మన సమాజం మొదటిసారి వింటున్నది కాదు. చదువుకు, ఓటుకు, ఉద్యోగానికి, ప్రతి తలుపు దగ్గరా విన్నదే.

మనం వాడే కొలమానాలు ఎక్కడ పుట్టాయో చూడాలి. 2000లో పరశురామన్ ‘టెక్నాలజీ రెడీనెస్ ఇండెక్స్’ తయారుచేశాడు. ఆయన మార్కెటింగ్ ప్రొఫెసర్. కొత్త సాంకేతికత వైపు వినియోగదారుడు ఎంత మొగ్గు చూపుతాడన్నది ఆయన ప్రశ్న. మొదట 36 అంశాలు, 2015లో వాటిని 16కు కుదించారు. 2006లో కెనడాలో కామెరాన్ నార్మన్, హార్వే స్కిన్నర్ ‘ఈహీల్స్’ అనే ఎనిమిది ప్రశ్నల స్కేల్ తెచ్చారు. ఇంటర్నెట్‌లో ఆరోగ్య సమాచారం వెతకగలను, మంచిచెడ్డలు తేల్చుకోగలను అన్న నమ్మకం మనిషికి ఎంత ఉందో అది అడుగుతుంది. మొదట పరీక్షించింది అక్కడి హైస్కూలు విద్యార్థుల మీద. చిన్నది, ఉచితంగా దొరుకుతుంది, అందుకే ప్రపంచమంతా పాకింది.

2019లో డెన్మార్క్‌లో లార్స్ కైసర్ బృందం ‘రెడీ’ అనే సూచికను క్యాన్సర్ పునరావాసంలో ఉన్నవారితో పరీక్షించి ప్రచురించింది. 13 విభాగాలు, 65 ప్రశ్నలు. మిగతా రెండింటికంటే ఇది నిజాయితీ గల పని అని నా అభిప్రాయం. మనిషి నైపుణ్యంతోపాటు, పనిచేసే సేవలు అందుబాటులో ఉన్నాయా, అవి తన అవసరానికి సరిపోతున్నాయా, తన వివరాలు భద్రంగా ఉన్నాయనిపిస్తోందా, వైద్య సిబ్బంది తనను అర్థం చేసుకుంటున్నారా అని కూడా అడుగుతుంది. కానీ కూలికి పోవాల్సిన మనిషిని కూర్చోబెట్టి 65 ప్రశ్నలు ఎవరు అడుగుతారు? థీసిస్ గడువు ముందు ఎనిమిది ప్రశ్నలదే గెలుపు. ఇంకో సంగతి. డెన్మార్క్‌లో ప్రతి పౌరుడికీ సంఖ్య, జాతీయ ఆరోగ్య పోర్టల్ ఎప్పటి నుంచో ఉన్నాయి. సేవ ఉన్న చోట వాళ్లు రోగిని కొలిచారు. మనం సేవ నడుస్తోందో లేదో చూడకుండా రోగిని కొలుస్తున్నాం.

పరశురామన్ సూచికలో నన్ను బాగా ఆపింది మార్కులు తగ్గించే వైపు. ఆశావాదం, కొత్తదాన్ని ముందుగా అందుకునే చొరవ సంసిద్ధతను పెంచుతాయి. అసౌకర్యం, భద్రత లేదన్న భావన తగ్గిస్తాయి. అంటే యంత్రాన్ని నమ్మనివాడు సిద్ధంగా లేనట్టు. కంకర కొట్టి, పత్తి ఏరి అరిగిన వేళ్లకు రేషన్ మిషన్ దగ్గర ‘వేలిముద్ర పడలే’ అన్న మాట విన్న మనిషి ఇంకో మిషన్‌ను ఎందుకు నమ్మాలి? 2021లో కోవిన్‌లో ఆధార్ ఇచ్చి టీకా వేయించుకున్న అనేకమందికి వాళ్లకు తెలియకుండానే హెల్త్ ఐడీ తయారైందని పత్రికలు రాశాయి. అదే ఏడాది సెప్టెంబరు 27న దేశమంతటికీ ప్రారంభించిన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్‌లో ఆ 14 అంకెల సంఖ్య స్వచ్ఛందమనే నిబంధన రాసి ఉంది. ఈ అనుభవాల తర్వాత పుట్టిన అనుమానం తెలివైన అంచనా. స్కేల్ మాత్రం దాన్ని రోగి ఖాతాలో మైనస్‌గా వేస్తుంది.

సంసిద్ధతను దేశం మొత్తం మీద ఒకేసారి పరీక్షించిన సందర్భం ఒకటి మనకు ఉంది. 2021 మే 1న 18 నుంచి 44 ఏళ్లవారికి టీకాలు మొదలైనప్పుడు కోవిన్ పోర్టల్‌లో నమోదు, స్లాట్ బుకింగ్ తప్పనిసరి చేశారు. పోర్టల్ అప్పుడు ఇంగ్లిష్‌లో ఉంది. 2017-18 నాటి జాతీయ నమూనా సర్వే 75వ విడత ప్రకారం ఇంటర్నెట్ సౌకర్యం ఉన్న గ్రామీణ కుటుంబాలు సుమారు 15 శాతం. స్లాట్లు నిమిషాల్లో అయిపోయేవి. ఊళ్లలోని ఆరోగ్య కేంద్రాలకు నగరాల నుంచి కార్లలో వచ్చి టీకా వేయించుకుని వెళ్లినవాళ్లను ఊరివాళ్లు నిలబడి చూశారు. మే 24న ప్రభుత్వ కేంద్రాల్లో అక్కడికక్కడే నమోదుకు వీలిచ్చారు. మే 31 నాటి ఉత్తర్వులో సుప్రీంకోర్టు డిజిటల్ అంతరాన్ని ప్రస్తావించి, పూర్తిగా పోర్టల్ మీద ఆధారపడిన విధానంతో అందరికీ టీకా అన్న లక్ష్యం నెరవేరకపోవచ్చని చెప్పింది. తెలుగు సహా ప్రాంతీయ భాషలు జూన్‌లో వచ్చాయి.

ఆ కొద్ది వారాల్లో కూలీల డిజిటల్ నైపుణ్యం పెరిగిందా? ఏప్రిల్‌లో ఈహీల్స్ స్కోరు ఎంతో జూన్‌లోనూ అంతే ఉండి ఉంటుంది. మారింది నమోదు బల్ల ఉన్న చోటు. మే మొదటి వారంలో ఎవరైనా సర్వే చేసి ఉంటే ‘గ్రామీణ దళితుల్లో సంసిద్ధత లోపం’ అని ఒక పట్టిక వచ్చేది. అది గణితపరంగా సరైన పట్టికే అయ్యేది.

ఇక భాష సంగతి. స్కేల్‌ను తెలుగులోకి తెచ్చి, మళ్లీ ఇంగ్లిష్‌లోకి తిప్పి చూసి, సరిపోయిందనుకుంటాం. తెలంగాణలోని ఒక జిల్లాలో నా ప్రాథమిక సర్వేకి వెళ్లినప్పుడు ‘ఆన్‌లైన్‌లో ఆరోగ్య సేవలు వాడగలరా’ అన్న ప్రశ్నకు ఒక పెద్దమ్మ తడుముకోకుండా చెప్పింది: “ఆఁ, చేయించినం గద బిడ్డా, మీసేవల.” మన ఊళ్లలో ఆన్‌లైన్ అంటే చేసేది కాదు, చేయించుకునేది. ‘పేరు ఆన్‌లైన్ల ఎక్కిందా’ అంటారు. అంటే ఎవరో ఒకరి చేతుల మీదుగా, పది ఇరవై రూపాయలు ఇచ్చి, కాగితం చేతికి తెచ్చుకునే పని. స్కేల్‌లో ప్రతి వాక్యం ‘నేను’తో మొదలవుతుంది. వాడలో ఆ పనికి కర్త మనవరాలు, ఆశా కార్యకర్త, మీసేవ కుర్రాడు, ఆరోగ్యశ్రీ ఆసుపత్రిలో అయితే ఆరోగ్యమిత్ర. ఆ పెద్దమ్మకు ఒకటి వేయాలా, ఐదు వేయాలా?

ఇది అనువాద సమస్య అని తేల్చేస్తే తప్పించుకున్నట్టే. రెండు సమూహాల సగటులు పోల్చాలంటే, ఆ స్కేల్ రెండింటిలోనూ ఒకే విషయాన్ని కొలుస్తోందని ముందు చూపాలి. సైకోమెట్రిక్స్‌లో ఇది ప్రాథమిక నియమం. వయసు విషయంలోనో లింగం విషయంలోనో కొందరు ఈ పరీక్ష చేస్తారు. కులం విషయంలో చేసిన థీసిస్ ఇంతవరకు నా చేతికి రాలేదు. క్రోన్‌బాక్ ఆల్ఫా 0.8 దాటితే డిపార్ట్‌మెంట్‌లో మిఠాయిలు పంచుకుంటాం. ప్రశ్నలు ఒకదానితో ఒకటి కలిసి కదులుతున్నాయని మాత్రమే ఆల్ఫా చెప్తుంది. అవి దేన్ని పట్టుకుని కదులుతున్నాయో చెప్పదు. ఇంట్లో స్మార్ట్‌ఫోన్ ఎవరి జేబులో ఉంటుందన్న దాన్ని కొలిచి దానికి సంసిద్ధత అని పేరు పెట్టినా ఆల్ఫా బాగానే వస్తుంది.

ఫోన్ సంగతి కాస్త వివరంగా చెప్పాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తాము స్వయంగా వాడుకునే ఫోన్ ఉన్న మహిళలు దేశంలో 54 శాతం. ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడినవారు 33 శాతం, తెలంగాణలో 26.5, ఆంధ్రప్రదేశ్‌లో 21. పురుషుల్లో దేశ సగటు 57. ఇప్పుడు ఆసుపత్రి డిజిటల్ చీటీ, పరీక్షల రిపోర్టు, అపాయింట్‌మెంట్ అన్నీ ఓటీపీతో తెరుచుకుంటాయి. ఓటీపీ వెళ్లేది భర్త ఫోన్‌కో కొడుకు ఫోన్‌కో. గర్భం తీయించుకున్న ఆమె, తెల్లబట్ట అవుతున్న ఆమె, హెచ్‌ఐవీ పరీక్ష చేయించుకున్న ఆమె తన రిపోర్టును ఎవరి చేతిలో చూడాలి? పాత పద్ధతిలో నర్సు చేతిలోంచి మడిచిన కాగితం ఆమె కొంగు ముడిలోకి వెళ్లేది. కొత్త పద్ధతి ఆ కాసింత మరుగును తీసేసింది. అలాంటి ఆమె ‘ఫోన్‌లో రిపోర్టు వద్దు’ అంటే, ఆ నిరాకరణకు స్కేల్‌లో దొరికే పేరు తక్కువ సంసిద్ధత.

టీబీ వైద్యంలో దీనికి ఇంకో రూపం చూశాం. మాత్ర నొక్కి తీయగానే అట్ట వెనక కనబడే నంబరుకు రోగి ఉచిత కాల్ చేస్తే, ఆ రోజు మందు వేసుకున్నట్టు నమోదయ్యే పద్ధతి ‘99డాట్స్’. కాల్ రాకపోతే మందు మానేసినట్టు తెరమీద కనబడుతుంది. సిగ్నల్ లేక, చార్జింగ్ లేక, ఫోన్ వేరేవాళ్ల దగ్గర ఉండి కాల్ చేయనివాళ్లు కూడా అదే జాబితాలో పడతారు.

బాబాసాహెబ్ ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’లో ఒక డాక్టరు ఉదంతం ఉంది. 1929లో ‘యంగ్ ఇండియా’లో వచ్చిన ఉత్తరాన్ని ఆయన అందులో చేర్చారు. కాఠియావాడ్‌లో ఒక దళిత ఉపాధ్యాయుడి భార్య ప్రసవం తర్వాత జబ్బుపడింది. డాక్టరు అంటరానివారి వాడకు రానన్నాడు. ఫీజుకు పెద్దమనుషుల హామీ దొరికాక, ఆమెను వాడ బయటికి తెస్తే చూస్తానన్నాడు. థర్మామీటరును ఒక ముస్లిం చేతికిచ్చాడు, అతను భర్తకిచ్చాడు, భర్త భార్యకు పెట్టాడు. మళ్లీ అదే వరుసలో అది వెనక్కి వచ్చింది. దీపం వెలుగులో చూసి న్యుమోనియా అన్నాడు. ఆమె బతకలేదు.

ఈ ఉదంతాన్ని ఇవాళ్టి మాటల్లో రాసుకుంటే అన్నీ ఉన్నాయి. పరికరం ఉంది, మధ్యవర్తి ఉన్నాడు, దూరం నుంచి రోగ నిర్ధారణ ఉంది. ఆ భార్యాభర్తల సంసిద్ధతకు ఎన్ని మార్కులు వేస్తాం? చెప్పినవన్నీ చేశారు, ఫీజు కట్టారు, పరికరాన్ని సరిగ్గా వాడారు. అక్కడ సిద్ధంగా లేనిది ఒక్కరే, ఆయన్ను ఏ ప్రశ్నావళీ అడగదు. ఇది పాత కథ అనేవాళ్లకు 2011-12 నాటి భారత మానవాభివృద్ధి సర్వేను చూపించాలి. తమ ఇంట్లో ఏదో ఒక రూపంలో అంటరానితనం పాటిస్తామని 27 శాతం కుటుంబాలు స్వయంగా ఒప్పుకున్నాయి. సిబ్బంది కూడా ఆ సమాజంలోంచే వస్తారు.

2019 నవంబరులో మొదలైన ఈసంజీవని టెలీమెడిసిన్‌ను ఆరోగ్య ఉపకేంద్రాల్లో ముందుగా అమలు చేసింది ఆంధ్రప్రదేశ్. ఆ పద్ధతిలో రోగికి ఫోన్ అవసరం లేదు. పల్లె దవాఖానలో ఉన్న సిబ్బంది తమ ట్యాబ్‌లో దూరంలోని డాక్టరును కలుపుతారు. కొలవాల్సిన ప్రశ్నలు అక్కడ వేరే. ట్యాబ్‌ను రోగి వైపు తిప్పారా, రోగే మాట్లాడిందా, ఆమె బదులు సిబ్బంది మాట్లాడేశారా? కాల్‌కు ముందు నాడి పట్టుకున్నారా, బీపీ పట్టీ చేతికి చుట్టారా, దూరం నుంచే అడిగి రాసుకున్నారా?

సాంకేతికతే మనకు శత్రువని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. డిగ్రీ చదివే ఒక చెల్లెలు నాతో అంది: “ఫోన్ల డాక్టరు అయితే ఏ వాడ నుంచి వచ్చినవ్ అని అడగడు అక్కా.” కౌంటర్ దగ్గర చిరునామాలో కాలనీ పేరు చదివి గొంతు మార్చే గుమాస్తాను తప్పించుకోవడానికి ఆ అమ్మాయికి తెర ఒక దారి. ఆమె స్కోరు ఎక్కువే వచ్చింది. ఆ ఎక్కువ స్కోరు వెనక కూడా ఆసుపత్రి ప్రవర్తనే ఉందన్నది పట్టికలో కనబడదు.

కులం వారీ సగటులు ఇప్పుడు నా దగ్గరా ఉన్నాయి. దాచేస్తే అసమానతను దాచినట్టు. విడిగా అచ్చేస్తే రేపు ఎవరో ఆ ఒక్క వరుసను కత్తిరించి స్లైడ్‌లో పెట్టుకుంటారు. మెరిట్ పేరుతో మన మార్కులను ఎలా వాడారో చూసినవాళ్లకు దీన్ని వివరించక్కర్లేదు. ఒక సెమినార్‌లో, వేదిక మీదున్న ఒక పెద్దాయన ‘డేటాకు కులం ఉండదమ్మా’ అన్నారు. డేటా సేకరించే వరుసలో ఎవరు ఎంతసేపు నిలబడ్డారో అడిగాను, టీ విరామం ప్రకటించారు.

నేను చేస్తున్నది ఇది. ప్రతి రోగి స్కోరు పక్కన ఆమె వెళ్లే ఆసుపత్రి స్కోరు అదే పట్టికలో, అదే వరుసలో ఉంటుంది. విడదీస్తే అర్థం కాని విధంగా వేస్తున్నాను. ఆసుపత్రి భాగంలో ప్రస్తుతానికి పదకొండు ప్రశ్నలున్నాయి. ఫోన్ లేనివారికి ఓపీ చీటీ ఇచ్చే కౌంటర్ ఎన్ని గంటలు తెరిచి ఉంటుంది? క్యూఆర్ కోడ్ వరుస, కాగితం వరుస పక్కపక్కనే ఉంటే దేనిలో ఎంతసేపు నిలబడాలి? రిపోర్టు ఓటీపీ లేకుండా చేతికి అడిగితే ఇస్తారా? ఇవ్వకపోతే ఆ నిర్ణయం ఎవరిది? హెల్త్ ఐడీ వద్దన్నవారికి చికిత్స ఆగిన సందర్భాలు రిజిస్టర్‌లో రాస్తారా? సమ్మతి పత్రాన్ని తెలుగులో చదివి వినిపించే మనిషి ఉన్నారా, ఉర్దూలో, గోండిలో? నెట్ పోయిన రోజు ఏం చేస్తారు?

రోగుల భాగానికి ఎథిక్స్ కమిటీ అనుమతి మొదటి సమావేశంలోనే వచ్చింది. ఆసుపత్రి భాగానికి సూపరింటెండెంట్ల సంతకాలు కావాలన్నారు. మూడు దరఖాస్తులు పెట్టాను. ఒకటి సంతకమై వచ్చింది, రెండు ఇంకా ఫైళ్లలో ఉన్నాయి.