ముందు కాల్షియం, తరువాతే యూరియా

2015లో దేశమంతటా ప్రవేశపెట్టిన భూసార ఆరోగ్య పత్రంలో 12 అంశాలు నమోదవుతాయి. నత్రజని, భాస్వరం, పొటాషియం, గంధకం, జింకు, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాన్, ఉదజని సూచిక, లవణ సూచిక, సేంద్రియ కర్బనం. ఈ జాబితాలో సోడియం లేదు, కాల్షియమూ లేదు. సాధారణ భూములకు ఇది పెద్ద లోపం కాదు. కాని హర్యానా, పంజాబ్, ఉత్తరప్రదేశ్ మైదానాల్లో కారు చౌడు నేలపై గోధుమ వేసే రైతుకు తన పైరు గతిని నిర్ణయించే మూలకాలు ఈ రెండే. పత్రంలోని సాధారణ సిఫారసుల్లో సున్నం లేదా జిప్సం అనే వరుస ఒకటి ఉన్నమాట నిజమే. ఎంత వేయాలో లెక్కకట్టడానికి కావలసిన కొలత మాత్రం ఆ పత్రంలో లేదు.

వినిమయ సోడియం శాతం 15 దాటిన నేలలో బంకమట్టి రేణువులు ఒకదానినొకటి పట్టి ఉండవు. తడిసినపుడు విడిపోయి సూక్ష్మరంధ్రాలను మూసివేస్తాయి, ఆరినపుడు పైపొర గట్టిపడి మొలకను అడ్డుకుంటుంది. విచిత్రమేమంటే గంగా మైదానపు చౌడు నేలల అడుగున సున్నపు గులకలు పొరలు పొరలుగా ఉంటాయి. అంటే కాల్షియం నేలలోనే ఉన్నది. అయితే ఉదజని సూచిక 9, 10 ఉన్నచోట కాల్షియం కార్బొనేట్ దాదాపు కరగదు గనుక సోడియాన్ని తొలగించే పనికి అది అక్కరకు రాదు. కరిగే కాల్షియాన్ని బయటి నుండి అందించవలసిందే. పై 15 సెంటీమీటర్ల మట్టిలో ప్రతి 100 గ్రాములకు ఒక మిల్లీ ఈక్వివలెంట్ సోడియాన్ని తొలగించాలంటే, లెక్క ప్రకారం హెక్టారుకు సుమారు 1.9 టన్నుల శుద్ధ జిప్సం కావాలి.

ఈ లెక్క తెలియనపుడు జరిగేది ఇది. విత్తిన సుమారు మూడు వారాలకు, కొత్త వేర్లు పుట్టే కీలక దశలో, గోధుమకు తొలి తడి ఇస్తారు. ఇంకని నీరు రోజుల తరబడి నిలుస్తుంది. వేర్లకు ప్రాణవాయువు అందక ఆకులు పసుపు బారుతాయి. రైతు దానిని నత్రజని లోపంగా భావించి యూరియా చల్లుతాడు. అధిక క్షారతలో ఆ నత్రజనిలో గణనీయమైన భాగం అమ్మోనియాగా గాలిలో కలుస్తుంది. ఈ నేలల్లో సాధారణ మోతాదుకంటే 25 శాతం అదనంగా నత్రజని సిఫారసు చేయడానికి ఈ నష్టం ఒక ముఖ్య కారణం. వేర్లే శ్వాసించలేని చోట ఆ అదనపు మోతాదు ఎవరి ఆకలి తీరుస్తుంది? ఇక్కడ తడి పలుచగా, తక్కువ వ్యవధిలో ఇవ్వడం యూరియాకంటే మేలు.

భాస్వరం సంగతి ఇందుకు పూర్తిగా భిన్నం. సోడియం కార్బొనేట్ ఉన్న నేలలో కరిగే సోడియం ఫాస్ఫేట్లు ఏర్పడతాయి గనుక లభ్య భాస్వరం ఎక్కువగానే ఉంటుంది. సంస్కరణ తొలి సంవత్సరాల్లో వరి, గోధుమ భాస్వరపు ఎరువుకు స్పందించకపోవడం కర్నాల్ ప్రయోగాల్లో తేలిన విషయం. అంతవరకు ఆ డబ్బును జిప్సంపై వెచ్చించడమే వివేకం. జింకు మాత్రం తొలి ఏడాది నుండే తప్పనిసరి. ఉదజని సూచిక ఒక పాయింటు పెరిగితే మృత్తికా ద్రావణంలో జింకు అయాన్ దాదాపు వంద రెట్లు తగ్గుతుంది. ముందు పండే వరికి హెక్టారుకు 25 కిలోల జింక్ సల్ఫేట్ వేస్తే, దాని శేషఫలం గోధుమకూ అందుతుంది.

కర్నాల్‌లో 1969లో నెలకొన్న కేంద్ర మృత్తికా లవణీయత పరిశోధన సంస్థ ఖర్చియా 65 వంటి దేశీయ మూలాల నుండి కె.ఆర్.ఎల్. 1-4 వంటి గోధుమ రకాలను రూపొందించింది. అది గర్వించదగిన కృషి. అయితే తట్టుకునే రకం ఉన్నది గదా, జిప్సం ఎందుకు అనే వాదన ఈమధ్య తరచుగా వినబడుతున్నది. దానితో నేను ఏకీభవించలేను. సహనశీల రకం ఆకులోకి సోడియం చేరకుండా కొంత నిరోధించగలదు గాని, మూసుకుపోయిన రంధ్రాలను తెరవలేదు. రకం సాయంతో జిప్సం మోతాదు తగ్గించుకోవచ్చు, పూర్తిగా మానరాదు.

ప్రయోగశాలల భారం పెరుగుతుందన్న అభ్యంతరం ఊహించదగినదే. ప్రతి నమూనాకూ ఈ పరీక్ష అవసరం లేదు. ఉదజని సూచిక 8.5 దాటిన వాటికి మాత్రం జిప్సం అవసరాన్ని నిర్ధారిస్తే చాలు. సంతృప్త జిప్సం ద్రావణంతో మట్టిని కలిపి, మిగిలిన కాల్షియాన్ని టైట్రేషన్ ద్వారా కొలిచే ఈ పద్ధతికి ఖరీదైన పరికరాలు అక్కరలేదు. కరిగే కార్బొనేట్లు కూడా కాల్షియాన్ని వాడుకోవడం వల్ల ఫలితం వాస్తవంకంటే ఎక్కువగా వస్తుంది. అందులో సగం మోతాదును పై 10 సెంటీమీటర్లలోనే కలిపి, నీరు నిలిపి, ముందు వరి వేసి, తరువాత గోధుమకు వెళ్లడం దశాబ్దాలుగా నిలిచిన క్రమం. లోతుగా దున్ని కలిపితే జిప్సం పలుచబడి ప్రయోజనం తగ్గుతుంది.

గంగా మైదానపు ఒండ్రు నేలల్లో ఉదజని సూచికను బట్టి సోడియం శాతాన్ని ఉజ్జాయింపుగా చెప్పవచ్చు. మన నల్లరేగడిలో ఆ సంబంధం అంత నమ్మదగినది కాదు. ఉబ్బే బంకమట్టి అధికంగా ఉన్నందున ఇంతకంటే తక్కువ సోడియం శాతంలోనే నీరు ఇంకడం మందగిస్తుంది. కాబట్టి ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రయోగశాలల్లో నల్లరేగడి నమూనాలకు 8.5 గీత కోసం వేచి చూడక, నీరు నిలుస్తున్నదని రైతు చెప్పిన ప్రతి పొలానికీ ఈ పరీక్ష చేయడం అవసరం.