ముదిగుబ్బ రోడ్డు ముందు నడిచేవారిది

ముదిగుబ్బలో రెండు జాతీయ రహదారులు కలుస్తాయి. అనంతపురం నుంచి కదిరి, మదనపల్లె మీదుగా తమిళనాడు వెళ్లే 42వ నంబరు ఒకటి, ఇక్కడే మొదలై పుట్టపర్తి వైపు సాగే 342 మరొకటి. లారీ డ్రైవరుకు ఇదొక కూడలి. చుట్టుపక్కల పల్లెల జనానికి మాత్రం ఇదే బజారు, బస్సెక్కే చోటు, పిల్లలు బడికి పోయే దారి. ఈ రోడ్డును ఎప్పుడు తవ్వినా, ఎంత వెడల్పు చేసినా నడిచేవారికి, సైకిళ్లకు ముందు చోటు తీసిపెట్టాలి. బండ్లకు దక్కాల్సింది ఆ తర్వాత మిగిలేదే.

ఊరి నడుమ నుంచి పోయే హైవే అంచును ఒక్కసారి నిలబడి చూస్తే చాలు. తారు మీద తెల్లగీత, గీత దాటగానే పల్లం, కంకర, అడ్డంగా నిలిపిన మోటారు సైకిళ్లు, ఆ వెనుక మురుగుకాలువ. శనక్కాయ బస్తాల లారీ వెనక నుంచి హారన్ కొడితే సైకిలు మీది పిల్లవాడు ఎక్కడికి దిగాలి? చంకన బిడ్డను ఎత్తుకున్న తల్లి ఎటు తప్పుకోవాలి? 2022లో దేశవ్యాప్తంగా రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో 32,825 మంది కాలినడకన వెళ్తున్నవారేనని కేంద్ర రవాణా శాఖ లెక్క చెబుతోంది.

వాహనాలకే పెద్దపీట వేస్తే ఏమవుతుందో హైదరాబాద్ అజామాబాద్‌లో కనిపిస్తుంది. నిజాం కాలం నాటి పారిశ్రామికవాడ అది. సిగరెట్లు తయారుచేసే వీఎస్టీ ఫ్యాక్టరీ పేరే అక్కడి కూడలికి పేరు. రద్దీ తగ్గించడానికి ఇందిరా పార్కు నుంచి వీఎస్టీ దాకా దాదాపు రూ.450 కోట్లతో ఉక్కు వంతెన కట్టి, 2023 ఆగస్టు 19న ప్రారంభించారు. వీఎస్టీ కార్మికుల నాయకుడిగా ఎదిగిన నాయిని నర్సింహారెడ్డి పేరు దానికి పెట్టారు. కార్మిక నాయకుడి పేరు పెట్టడం బాగుంది. కానీ వంతెన మోటారు బండ్లది. నడిచివెళ్లే కూలి మనిషి దారి దాని కిందే, స్తంభాల నడుమే మిగిలింది. పాత పారిశ్రామికవాడ వీధిని కొత్తగా తీర్చిదిద్దడం అంటే ఆ కింది నేలనే బాగుచేయడం. కోట్లన్నీ పైకి పోయాయి.

చెన్నై మరో దారి పట్టింది. టి.నగర్‌లోని పాండీ బజారు అసలు పేరు త్యాగరాయ రోడ్డు, జస్టిస్ పార్టీ నేత పిట్టి త్యాగరాయ చెట్టి పేరు మీద వెలసింది. అంత కిటకిటలాడే బజారులో 2019లో కాలిబాటలను విశాలం చేసి, బండ్ల దారిని కుదించారు. అంగళ్లు మూతపడలేదు.

ముదిగుబ్బకు పాండీ బజారు నకలు అక్కర్లేదు. కరువు సీమలో అన్నిటికన్నా ముందు కావాల్సింది నీడ. వేసవి మధ్యాహ్నం నీడలేని కాలిబాట ఎంత వెడల్పున్నా దాని మీద ఎవరూ నడవరు. అందుకే వేపకు, కానుగకు నక్షాలోనే చోటివ్వాలి. మొదళ్ల చుట్టూ సిమెంటు పోయకుండా వాననీరు ఇంకేలా మట్టి వదలాలి. కాలిబాట వెడల్పు కనీసం 1.8 మీటర్లు, అంగళ్ల ముందు అంతకన్నా ఎక్కువ ఉండాలని, గట్టు ఎత్తు 150 మిల్లీమీటర్లు మించకూడదని రోడ్ల ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఏనాడో చెప్పింది. ముసలివారు మోకాళ్లు పట్టుకోకుండా ఎక్కగలిగే ఎత్తు అది. జనం, వాహనాలు కలిసి తిరిగే చోట గంటకు 30 కిలోమీటర్ల వేగం దాటకూడదని రోడ్డు భద్రతపై 2020లో వచ్చిన స్టాక్‌హోమ్ ప్రకటన పిలుపునిచ్చింది. బడి దగ్గర, బస్సులు ఆగే చోట ఆ పరిమితిని పాటించాలి.

వ్యాపారం దెబ్బతింటుందన్న భయం అంగళ్లవారికి ఉంటుంది. కానీ లారీని ఎవరూ వెళ్లగొట్టడం లేదు. సరుకు దించడానికి పొద్దుటి వేళ కేటాయించి, ఒక పక్క చోటు గీసిస్తే సరిపోతుంది. నడిచి వచ్చేవాడు అంగడి ముందు ఆగుతాడు, అరవై వేగంతో పోయేవాడు ఆగడు.

కాలిబాట మీద నడిచే హక్కు రాజ్యాంగం 21వ అధికరణ కిందికే వస్తుందని 2025 మే 14న సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి ఇది దయాదాక్షిణ్యాల వ్యవహారం కాదు. రోడ్డు పని టెండరు పిలవకముందే దాని నక్షాను గ్రామ పంచాయతీ ఆఫీసు గోడకు తెలుగులో అంటించాలి, గ్రామసభలో చదివి వినిపించాలి. కాలిబాట, చెట్లు, సైకిలు దారి ‘తర్వాత చూద్దాం’ అన్న పద్దులో ఉంటే ఆ అంచనాను గ్రామసభ తీర్మానం చేసి తిప్పిపంపాలి.