సోయా విత్తే అదను ఎవరి చేతిలో ఉంది?

ఆదిలాబాద్, నిర్మల్, కామారెడ్డి జిల్లాల్లో సోయా దిగుబడి పడిపోయినప్పుడల్లా పెద్దలు ఒకే మాట అంటారు, రైతు అదను తప్పి విత్తాడని. నిజమే, తప్పి విత్తాడు. ఎందుకు తప్పిందో మాత్రం అడగరు.

ముందు అదను సంగతి చూద్దాం. సోయా పగటి పొద్దును బట్టి పూతకొచ్చే మొక్క. పొద్దు తగ్గేకొద్దీ తొందరపడి పూస్తుంది. ఆరుద్ర కార్తెలో, అంటే జూన్ ఆఖరున వేసిన చేను పూతకు ముందే కొమ్మలు వేసి గణుపులు కట్టుకుంటుంది. అదే విత్తనం పుష్యమిలో, జూలై ఆఖరున పడితే మొక్క ఎదగకముందే పూత మొదలు. గణుపులు తక్కువ, కాయలూ తక్కువే. గింజ నిండే వేళకు వానలు వెనక్కి పోతాయి. ఎరువు ఎంత చల్లినా పోయిన రోజులు తిరిగి రావు. అలాగని మిరుగు తొలి చినుకులకే ఉరికితే, ఆపైన వాన మొహం చాటేసి మొలక మాడుతుంది. 60 నుంచి 75 మిల్లీమీటర్ల వాన పడి నేల లోపలిదాకా తడిసినాకే విత్తాలి.

రకం కూడా దీనితో ముడిపడిందే. జబల్‌పూర్‌లో తయారై 1994లో విడుదలైన జె.ఎస్. 335 ఏళ్ల తరబడి మన నల్లరేగళ్లను ఏలింది. అది సుమారు 95-100 రోజుల పంట. జె.ఎస్. 93-05 కొద్దిరోజులు ముందే వస్తుంది. తడి నిలవని తేలిక నేలకు, ఆలస్యమైన చేనుకు అది నయం. కాని దాన్నే మరీ ముందు వేస్తే సెప్టెంబరు వానల్లోనే పండి కాయలోనే గింజ బూజు పడుతుంది.

ఇదంతా తెలిసినవాడు కూడా అదనుకు విత్తలేకపోతున్నాడు. కౌలుదారు కౌలు డబ్బు ముందే కట్టాలి. పాసుపుస్తకం లేదు గనుక బ్యాంకు గడప ఎక్కనివ్వరు. ఇక ఎకరాకు 25-30 కిలోల విత్తనం కోసం సేటు దగ్గరికే పోవాలి. సేటు ఇచ్చిందే రకం, ఇచ్చిన రోజే అదను. ఆ విత్తనమైనా మొలుస్తుందా? సోయా గింజ పైపొర పలుచన. పంట వానకు తడిసినా, నూర్పిడి మిషన్లో దెబ్బతిన్నా మొలక చస్తుంది. 2019లో కోతల వేళ వానలు ముంచాయి. 2020లో మహారాష్ట్రలో విత్తనం మొలవలేదని వేల ఫిర్యాదులు వచ్చాయి. రెండోసారి విత్తేసరికి ఖర్చు రెట్టింపు, అదను గల్లంతు. అందుకే వంద గింజలు తడి గోనెలో చుట్టి చూడండి. 70 మొలవాలి, ప్రభుత్వ ప్రమాణమే అది.

మే ఆఖరుకే పరీక్షించిన విత్తనం, కనీసం రెండు రకాలు, సహకార సంఘం గోదాములో ఉండాలి. కౌలుదారుకు పాసుపుస్తకం అడగకుండా ఇవ్వాలి. మేము అడుగుతున్నది ఇదే.

కూలీలకు దీంతో పనేమిటనే మిత్రులున్నారు. ఊరంతా ఒకే రకం ఒకే వారంలో పండితే కాయ పగిలి గింజ రాలుతుందన్న భయంతో రైతు హార్వెస్టరును పిలుస్తాడు. మన అక్కచెల్లెళ్లకు పని దక్కదు. రకాలు వేరైతే కోతలూ విడివిడిగా వస్తాయి.

ఇంకొక మాట. కోత గుత్త మాట్లాడేముందు చేనంతా తిరిగి చూడండి. ఆలస్యంగా వేసిన చేలో మొక్క పొట్టి, కింది కాయలు నేలకు ఆనుకొని ఉంటాయి. నడుము మరింత వంచాలి, ఎకరం తెమలడానికి ఎక్కువ పొద్దు పడుతుంది. పొట్టి చేను గదా అని రేటు తగ్గించే ఆసాములకు ఈ సంగతి చెప్పండి. ఎవరికి వారు కాకుండా సంఘం తరఫునే రేటు కుదుర్చుకుందాం.