గుర్రపుడెక్క నివారణ నీటి పరీక్షతో మొదలు కావాలి

ఆంధ్రప్రదేశ్ జలవనరుల శాఖ వారికి బహిరంగ లేఖ

ప్రకాశం బ్యారేజీ నుంచి బయలుదేరి దుగ్గిరాల లాకుల మీదుగా తెనాలి, రేపల్లె, బాపట్ల ప్రాంతాల ఆయకట్టుకు చేరే కాలువల్లోనూ, ఆ పొలాల మురుగును సముద్రం వైపు మోసే డ్రెయిన్లలోనూ గుర్రపుడెక్క పేరుకుపోవడం వల్ల, శివారు భూములకు నీరందక, వానలు పడితే మురుగు లాగక రైతు రెండు విధాలా నష్టపోతున్నాడు. ఎన్నిసార్లు తొలగించినా అది తిరిగి పెరగడానికి మూలం నీటి స్వభావంలోనే ఉందనీ, దానిని కొలవనిదే ఏ నివారణా నిలవదనీ ఈ లేఖ శాఖ దృష్టికి తెస్తున్నది.

అమెజాన్ పరీవాహక ప్రాంతంలో పుట్టి, 19వ శతాబ్దం చివర బెంగాల్‌లో అడుగుపెట్టిన ఈ మొక్క పెరుగుదల నీటి వేడి సుమారు 12 డిగ్రీల సెల్సియస్‌కు దిగితే దాదాపు ఆగిపోతుంది, 28 నుంచి 30 డిగ్రీల మధ్య ఉరకలు వేస్తుంది, 34 డిగ్రీలు దాటితే మందగిస్తుంది. అనుకూల పరిస్థితుల్లో తల్లి మొక్క నీటిపైనే తీగలు సాచి, వాటి చివర పిలకలు వేస్తూ, రెండు వారాల లోపే తన విస్తీర్ణాన్ని రెట్టింపు చేసుకోగలదు. చలి దేశాల్లో మంచు దానిని ఏటా చంపుతుంది కానీ, డెల్టాలో పుష్య మాసపు చలి సైతం దాని వేగాన్ని కాస్త తగ్గించడమే తప్ప చంపలేదు. కనుక ఇక్కడ ఉష్ణోగ్రత మనిషి చేతిలో లేదు. చేతిలో ఉన్నది పోషకాలే.

పోషకాలంటే ఇక్కడ ప్రధానంగా నత్రజని, భాస్వరం. లీటరు నీటిలో భాస్వరం సుమారు 0.1 మిల్లీగ్రాముకు తగ్గితే ఈ మొక్క పెరుగుదలకు కళ్లెం పడుతుంది. కానీ వరికీ మొక్కజొన్నకూ వేసిన యూరియా, డీఏపీలలో పైరు తీసుకోని భాగం, పట్టణాల శుద్ధి కాని మురుగు, చెరువుల నుంచి వదిలే నీరు కలిసిన చోట ఆ కళ్లెం తెగిపోతుంది. ఒక మొక్కను పైకి లాగి చూసినా ఈ తేడాకు ఆనవాలు దొరుకుతుంది: పోషకాలు తక్కువైన నీటిలో అది ఆహారం వెతుక్కుంటూ వేళ్లను పొడవుగా దించుతుంది, మురుగు పుష్కలమైన నీటిలో పొట్టి వేళ్లతోనే ఆకులను ఏపుగా పెంచుతుంది. కాలువ గట్టున తిరిగే లస్కర్లు నెలకొకసారి వేళ్ల పొడవు నమోదు చేసినా పోషకాలు ఎక్కడ కలుస్తున్నాయో తొలి అంచనా దొరుకుతుంది.

కలుపు మందు చల్లితే చచ్చిన మొక్క అడుగుకు చేరి కుళ్లి, నీటిలోని ప్రాణవాయువును హరించి, దాచుకున్న పోషకాలను తిరిగి నీటికే అప్పగిస్తుంది. తీసిన మొక్కను గట్టుపైనే గుట్టగా వదిలితే తొలి వానకే ఆ సారం కాలువలోకి జారుతుంది. పైగా దాని విత్తనాలు అడుగు బురదలో 15 ఏళ్లకు పైగా బతికి ఉండగలవు.

అందువల్ల శాఖ చేపట్టవలసిన పనులు ఇవి. దుగ్గిరాల నుంచి రేపల్లె, బాపట్ల శివార్ల వరకు ఎంపిక చేసిన చోట్ల నీటి వేడిని, నత్రజనిని, భాస్వరాన్ని ప్రతి నెలా కొలిపించాలి. ఇందుకు 1945లో ఏర్పడిన బాపట్ల వ్యవసాయ కళాశాల సాయం కోరవచ్చు. వేసవిలో కాలువలు కట్టివేసినప్పుడు తూముల కింద, కల్వర్టుల నీడన మిగిలే మడుగుల్లోని తల్లి మొక్కలను నీరు వదలడానికి ముందే ఏరివేయించాలి. పెరుగుదల మందగించే డిసెంబరు, జనవరి నెలల్లో రెండోసారి తొలగించాలి. తీసినదంతా గట్టు దాటించి ఎరువుగా మార్చాలి. మురుగు కలిసే ప్రతి చోటునూ గుర్తించి, శుద్ధికి గడువు పెట్టేలా పురపాలక శాఖతో ఒప్పందానికి రావాలి.

ఈ కొలతలను నీటి విడుదల వివరాలతో పాటే రైతులకు ప్రకటిస్తే, తొలగింపుపై పెట్టే ప్రతి రూపాయి ఫలితమిచ్చిందో లేదో ఆయకట్టు మొత్తానికీ తెలుస్తుంది. వచ్చే సార్వాకు నీరు వదిలేలోపు తొలి పరీక్షల ఫలితాలు వెలువడాలని కోరడమైనది.

ఇట్లు,
కృష్ణా పశ్చిమ డెల్టా క్షేమం కోరే పౌరులు